భుజాలు తడుముకున్నవాళ్లు

మా అక్క కొడుకు చచ్చిపోయిన నాలుగో రోజున మా అక్క మెడకు పట్టీ కట్టింది నేనే. ఇంకొకరి చేత కట్టించవచ్చు, మా విభాగంలో నా కింద ఆరుగురు ఉన్నారు. కానీ అక్క ఒప్పుకోలేదు. "నువ్వే కట్టమ్మే, కొత్తోళ్ల చెయ్యి నాకొద్దు" అంది. నాకు పదేళ్లప్పుడు అమ్మ పోతే, ఉప్పు మళ్లలో కాళ్లు పుండ్లు పడేలా పనిచేసి నన్ను చదివించింది ఈ కావేరక్కే. జుట్టు పైకెత్తి పట్టుకుని మెడ వంచింది. పట్టీ కట్టి, మీట నొక్కాను.

"ఏం తలుచుకుంటుండావక్కా?" అని అడిగాను. అలా అడగాలని నియమం.

"ఏం తలుచుకోవాల? వాడు జొరమొచ్చి పండుకోనుంటే లేపి తోలింది నేనే గదా. ఒక్క దినం మానితే ఇంటి మింద జెండా పీకేస్తారని, 'ల్యా నాయనా, నెల నిండేదానికి ఇంగ రెండు దినాలే గదా' అన్నా. వాడు గంజి కూడా తాగలా. నేనే చంపుకున్నా మునీ. నా చేత్తో నేనే చంపుకున్నా."

గాజుపలక మీద అంకె పడింది. తొంభై మూడు.

అరవై దాటితే ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలిగితే ఆ మనిషి లోలోపల కుమిలిపోతున్నట్టు లెక్క. కుమిలిపోతున్నాడంటే తప్పు చేసినట్టు లెక్క. ఈ రెండో లెక్క శుద్ధ తప్పని మండలం మొత్తంలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఎందుకంటే ఆ తప్పు చేసింది నేను.

*

మా ఊళ్లు పులికాట్ ఒడ్డున ఉన్నాయి. తడ నుంచి దుగరాజపట్నం దాకా నేల, నీళ్లు, ఉప్పు మళ్లు అన్నీ కలిపి తొంభై తొమ్మిదేళ్లకు మినామోరి అనే జపాన్ కంపెనీకి రాసిచ్చేనాటికి నేనింకా పుట్టలేదు. దీనికి కీబో మండలం అని పేరు పెట్టారు. కీబో అంటే వాళ్ల భాషలో ఆశ. ఇక్కడ ఉప్పు నుంచి బ్యాటరీలు చేస్తారు. తాగే నీళ్లు కూడా సముద్రం నుంచి తీసి కంపెనీయే ఇస్తుంది. నీళ్ల కార్డు ఉన్నవాడికి ఇల్లు, పని, బడి అన్నీ ఉంటాయి. మండలం దాటితే కార్డు పనిచేయదు. అవతల బావులన్నీ ఏనాడో ఉప్పుతేలాయి.

మంచి రాలేదని అనను, అబద్ధం ఎందుకు? బస్సు నిమిషం తేడా లేకుండా వస్తుంది. బళ్లో పిల్లలు తమ గది తామే ఊడుస్తారు, డైరెక్టరు కూతురైనా సరే. ఫ్యాక్టరీలో మీట మీద చెయ్యి వేసేముందు వేలు చూపించి "మూడో వాల్వు మూసి ఉంది, యోసి!" అని గట్టిగా అనాలి. యోసి అంటే సరిగ్గా ఉందని. ఇద్దరు జంటగా నిలబడి ఒకరు అంటే రెండోవాళ్లు అందుకోవాలి. కంటితో చూసి, వేలితో చూపి, నోటితో అని, చెవితో వింటే మనసు పొరబడదని వాళ్ల అనుభవం. నిజంగానే పొరబాట్లు తగ్గాయి. మా ఆడవాళ్లు ఇంట్లో గ్యాసు కట్టేసేటప్పుడు కూడా వేలు చూపించి యోసి అనుకునే దాకా వచ్చింది. నెలంతా ఒక్క పూటైనా మానకుండా పనికి వెళ్లినవాళ్ల ఇంటి మీద కంపెనీ ఒక పచ్చజెండా కడుతుంది. మా అక్క ఇంటి మీద ఆ జెండా తొమ్మిదేళ్లుగా దిగలేదు.

చిక్కల్లా మనవాళ్లతోనే వచ్చింది. మండలం మొత్తం మీద జపాన్ వాళ్లు ముప్పైమంది లేరు. పెత్తనమంతా మనవాళ్లదే, అందరూ గురువును మించిన శిష్యులే. ఫ్యాక్టరీ డైరెక్టరు చక్రపాణి సూళ్లూరుపేటలో పుట్టిన మనిషి. వాళ్లు ముప్పై డిగ్రీలు వంగితే ఈయన నలభై ఐదు వంగుతాడు. చక్కెర వేయని పచ్చ టీని కళ్లు మూసుకుని తాగి "ఆహా" అంటాడు. సొరుగులో పంచదార పొట్లం దాచుకున్నాడని ఆయన గది ఊడ్చే మా అక్కకు తెలుసు. నన్ను మునిలక్ష్మి అని పిలవడం నామోషీ ఆయనకు, మునిసాన్ అంటాడు.

పట్టీ యంత్రాన్ని పుట్టించింది మాత్రం నిఖార్సైన జపాన్ మనిషి, మొరిషిత అనే పెద్దాయన. ఎనభై దాటినా రోజూ ల్యాబుకు వస్తాడు, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడతాడు. వాళ్ల దేశంలో కంపెనీ వల్ల ఏదైనా ఘోరం జరిగితే అధ్యక్షుడు జనం ముందు నిలబడి నడుము వంచి క్షమించమని అడగాలి. రానురానూ ఆ వంగడం ఒంటికి మంచి వ్యాయామంలా తయారైందట. నడుముతో పాటు మనసు కూడా వంగిందా లేదా కొలుద్దామని మొరిషిత ఈ యంత్రం చేశాడు. మెదడులో ఒక మూల నెత్తురు ఎలా పారుతోంది, గొంతు ఎంత బిగుసుకుంది, చెమట ఎంత పట్టింది, ఈ మూడూ కలిపితే ఒక అంకె. ముగ్గురు అధ్యక్షులను కొలిచేసరికి అక్కడ యంత్రాన్ని అటకెక్కించారు. అప్పుడది ఓడెక్కి మా దగ్గరికి వచ్చింది. అక్కడ పైవాళ్లను కొలవడానికి పుట్టినది ఇక్కడికొచ్చి కిందివాళ్లను కొలవడం మొదలుపెట్టింది.

ప్రారంభోత్సవం నాడు చక్రపాణి ఉపన్యాసం ఇచ్చాడు. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ సామెతకు తీగలు తగిలిస్తే ఈ యంత్రం" అన్నాడు. సామెత అర్థం చెప్పించుకుని మొరిషిత కూడా ముచ్చటపడి చప్పట్లు కొట్టాడు. నేనూ కొట్టాను.

*

ఆరేళ్ల కిందట ఆ యంత్రానికి తెలుగు మనసు నేర్పే పని నాకు అప్పజెప్పారు. మూడు వందల నమూనాలు కావాలన్నారు. అంటే, నిజంగా కుమిలిపోతూ "తప్పు నాదే" అనే మనుషులు మూడు వందల మంది. జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మీరు చేసిన తప్పు తలుచుకోండి అని అడిగాను. ఒకాయన చిన్నప్పుడు మామిడికాయలు దొంగిలించిన సంగతి చెప్పి పకపకా నవ్వాడు. ఒకావిడ తన తప్పులు పక్కన పెట్టి ఆడబిడ్డ తప్పులు గంటసేపు ఏకరువు పెట్టింది. మనకు క్షమాపణలు చెప్పుకునే అలవాటు ఎక్కడిది? మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే, అన్నం వడ్డించి "తిను" అంటే అయిపోయినట్టే. రెండు నెలలు తిరిగేసరికి పదకొండు నమూనాలు వచ్చాయి. చక్రపాణి రోజూ నా బల్ల దగ్గరికి వచ్చి వంగి వెళ్లేవాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే మా వీధిలో ఒక ముసలాయన పోయాడు. ఆయన భార్య గుండెలు బాదుకుంటూ "నేనే చంపుకున్నానయ్యో, గుండెల్లో మంటగా ఉండాదంటే వాము నీళ్లిచ్చి పండుకోబెట్టినానయ్యో" అని ఏడ్చింది. అది వింటూనే నాకు ఉపాయం తట్టింది. మన ఆడవాళ్లు ఎవరు పోయినా ఇలాగే ఏడుస్తారు. తొంభై ఏళ్ల తల్లి నిద్రలో పోయినా "నేనే సరిగ్గా చూసుకోలేదమ్మా" అంటారు. అది నేరం ఒప్పుకోవడం కాదు. పోయినవాళ్లను వదల్లేక తమ మీద వేసుకోవడం. పుట్టినప్పటి నుంచి ఆ ఏడుపులు వింటున్న నాకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. తెలిసే సంచీలో పట్టీ పెట్టుకుని చిన్నదినాలకూ పెద్దదినాలకూ తిరిగాను. "బాధ కొలిచే యంత్రమమ్మా" అంటే పాపం మెడలు వంచారు. ఎనభైలు, తొంభైలు వచ్చాయి. గీత గీసినట్టు అంత చక్కటి అంకెలు జపాన్‌లో కూడా రాలేదని మొరిషిత ఆశ్చర్యపోయాడు. ఫారంలో రెండే గడులు ఉన్నాయి, తప్పు ఉంది, తప్పు లేదు అని. రెండు వందల ఎనభై తొమ్మిది శోకాల ఎదురుగా "తప్పు ఉంది" గడిలో టిక్కు పెట్టాను.

నాకు బంగారు అంచు పత్రం ఇచ్చారు. మా అక్క దాన్ని తన ఇంట్లో దేవుడి పటాల పక్కన తగిలించుకుంది.

మండలం చట్టం చిన్నది. ప్రమాదం జరిగితే పద్నాలుగు రోజుల్లోపల బాధ్యుడు తేలాలి. సంబంధం ఉన్న అందరికీ మొదటి నాలుగు రోజుల్లో ఒకసారి, పద్నాలుగో రోజున మరొకసారి పట్టీ కడతారు. రెండోసారి అందరికంటే ఎర్రగా ఎవరు తేలితే వాళ్లు ఫ్యాక్టరీ ముంగిట్లో అందరి ఎదుటా వంగాలి. తర్వాత ఇంటిల్లిపాదినీ మండలం దాటిస్తారు. ఆరేళ్లలో అలా నలభై ఒక్కరిని దాటించాం. ఒక్కొక్కరు వెళ్తున్నప్పుడు నాకు అనుమానం వచ్చేది. వీళ్లు ఏదో చేసే ఉంటారులే అని సరిపెట్టుకునేదాన్ని.

*

మా ఏడుకొండలు చనిపోయింది మూడో నంబరు ఎండబెట్టే హాల్లో. ద్రావకం ఆవిరి నిండిపోయి ఊపిరాడక పడిపోయాడు. ఇరవై ఆరేళ్లు. వాడి స్నేహితుడు మస్తానయ్య తడిగుడ్డ మొహానికి కట్టుకుని లోపలికి దూరి వాణ్ని ఈడ్చుకొచ్చాడు. కాలుతున్న రేకులు తగిలి రెండు చేతులూ బొబ్బలెక్కాయి. తెచ్చేసరికి ప్రాణం లేదు.

ఆ హాలుకు ఆవిరి బయటికి లాగే ఫ్యాన్లు నాలుగు ఉన్నాయి. రెండు నెలల కిందట రెండు ఆపించారు. కరెంటు ఆదా చేసే ఆ ఆలోచన చక్రపాణిదే. దానికి ఆ ఏడాది ఉత్తమ సూచన పత్రం వచ్చింది, ఆయన కుర్చీ వెనక గోడకు ఉంది. ఆయనకూ పట్టీ కట్టాం. తానే ముందుకొచ్చి కట్టించుకున్నాడు. నాలుగు వచ్చింది. నూటికి నాలుగు! కడుపు నిండి పడుకున్న పసిబిడ్డకు కూడా అంతకంటే ఎక్కువ దిగులుంటుంది.

మొదటి విడతలో రెండు వందల పన్నెండు మందిని కొలిచాం. అందరికంటే పైన మా అక్క తొంభై మూడు. తర్వాత మస్తానయ్య ఎనభై నాలుగు. "రెండు నిమిషాల ముందు దూరుంటే బతికేవాడక్కా" అని వాడు నా ముందు పట్టీతోనే ఏడ్చాడు.

ఐదో రోజు పొద్దున చక్రపాణి గదికి వెళ్లాను. కూర్చోమని రెండు చేతులతో టీ అందించాడు.

"సార్, మా అక్క అంకె తప్పు" అన్నాను.

"యంత్రం తప్పు చెప్పిందంటారా మునిసాన్?"

"యంత్రం కాదు, నేను దానికి చెప్పిన పాఠం తప్పు. చావు ఇళ్లకు పోయి శోకాలు పట్టుకొచ్చి నేరాలని రాశాను."

ఆయన కప్పు కింద పెట్టాడు. కోపం రాలేదు. ఆయనకు ఏదీ రాదు.

"ఎన్ని?"

"రెండు వందల ఎనభై తొమ్మిది."

"ఈ యంత్రం మాట మీద ఎంతమందిని పంపించాం?"

"నలభై ఒక్కరిని."

"ఆ నలభై ఒక్క ఫైళ్లూ తెరవమంటారా? మొదటి కాగితం మీద సంతకం ఎవరిదమ్మా?"

మునిసాన్ పోయి అమ్మా అని వచ్చిందంటే బెదిరిస్తున్నాడని అర్థం. అయినా తెగించి అడిగాను.

"మరి ఫ్యాన్లు ఆపించింది మీరే కదా సార్?"

"నేనూ పట్టీ కట్టించుకున్నానుగా. అంకె మీరే రాశారు" అని లేచి నాకు వంగి దండం పెట్టాడు. నలభై ఐదు డిగ్రీలు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. గుమ్మడికాయ మోసుకుపోయినవాడు భుజం తడుముకోడు. వాడు ముందే దులుపుకుని వస్తాడు. తడుముకునేదెప్పుడూ ఏ పాపం ఎరగనివాడే, నా మీద ఏమన్నా పడిందేమోనని. పెద్దలు ఆ సామెత ఎవరిని చూసి చెప్పారో గానీ, దాన్ని పట్టుకుని మేం నలభై ఒక్క కొంపలు ముంచాం. లోపలికి తిరిగి వెళ్లి, తెరవండి ఆ ఫైళ్లు, అని ఉండాల్సింది. వెళ్లలేదు. ఒక పట్టీ సంచీలో వేసుకుని మా అక్క ఇంటికి వెళ్లాను.

*

"అక్కా, ఇంకో తొమ్మిది దినాలుండాయి. ఆలోపల నా తప్పేం లేదని నువ్వు నిజంగా అనుకోవాల. పైకి అంటే చాలదు, లోపల గూడా అనుకోవాల" అన్నాను.

అక్క నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది. "నా బిడ్డ పోతే నాకు బాధ లేదని అనమంటావా? నోరెట్ట వస్తుండాదే నీకు?"

"బాధ లేదని కాదక్కా, తప్పు లేదని."

"రెండూ వేరేవేరేనా?"

ఏడుకొండలు పెళ్లాం చెంచులక్ష్మి వాకిట్లో నిలబడి వింటోంది. ఏడో నెల. అక్క దాని కడుపు వైపు చూసింది. అవతల ఉప్పు బావుల మధ్య ఆ పిల్ల ఎలా కంటుందో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. "ఎట్ట అనుకోవాల్నో నువ్వే నేర్పించు" అంది.

ఫ్యాక్టరీ మాకు నేర్పింది ఒకటే ఉంది కదా. గోడ మీద వాడి ఫోటో తగిలించాం. అక్క ఎదురుగా నిలబడి ఫోటో వైపు వేలు చూపించి "నా తప్పేం లేదు, యోసి" అనాలి. జంట లేకపోతే పని చేయదని పక్కన నేను నిలబడి, ఆమె అనగానే వేలు చూపించి అదే మాట అందుకున్నాను. మొదటిరోజు ఆమె "నా తప్పేం" దాకా వచ్చి, "అయ్యో నాయనా" అని కూలబడిపోయింది. పట్టీ చూస్తే తొంభై నాలుగు.

మళ్లీ లేపాను. పొద్దున వంద సార్లు, సాయంత్రం వంద సార్లు. మూడో రోజుకు ఏడుపు లేకుండా అనగలిగింది. డెబ్బై ఏడు. ఐదో రోజుకు కూరగాయలు తరుగుతూ కూడా అంటోంది. అంకె యాభై ఎనిమిదికి దిగిన రోజు సిగ్గు లేకుండా నేను చప్పట్లు కొట్టాను. అక్క కత్తిపీట మీద నుంచి తలెత్తి చూసింది, ఆ చప్పట్లు ఎందుకో అర్థం కానట్టు.

మస్తానయ్య రోజూ వచ్చేవాడు. గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని, మేం లోపల అరిచేవన్నీ వినేవాడు. ఒకరోజు అడిగాడు.

"నాకూ నేర్పిస్తావా అక్కా?"

"నీకెందుకబ్బయ్యా, నువ్వు వాణ్ని కాపాడబోయినోడివి. నిన్నేం చేస్తారు?" అన్నాను. అక్క అంకె దిగితే ఆ తర్వాతి అంకె ఎవరిదో నాకు తెలియదని ఇప్పుడంటే నా నోరు పుచ్చిపోతుంది. తెలుసు. ఒక్కరికి నేర్పడానికే రోజులు చాలవనుకున్నాను. మస్తానయ్య తలూపి, చెంచులక్ష్మి ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

పదకొండో రోజు పెద్దదినం. చుట్టాలంతా వచ్చారు. ఆడవాళ్లు అక్క మెడ పట్టుకుని రాగాలు తీశారు. అక్క వాళ్ల వీపులు నిమురుతూ కూర్చుంది, కన్ను తడవలేదు. మా పెదనాన్న కూతురు నన్ను పక్కకు లాగింది.

"ఏందమ్మే, మీ అక్క ఇట్టయిపోయింది? రాయి మాదిరి కూర్చోనుండాది. ఏమన్నా మందు పెట్టిస్తిరా?"

"దుఃఖం ఎక్కువై అట్టుండాదిలే" అన్నాను.

పద్నాలుగో రోజు నా చేత్తోనే పట్టీ కట్టాను. "ఏం తలుచుకుంటుండావక్కా?" అని అడిగితే, "ఏముండాది తలుచుకునేదానికి?" అంది. ముప్పై ఎనిమిది వచ్చింది. పచ్చదీపం.

మస్తానయ్యకు ఎనభై ఆరు.

*

ఆ సాయంత్రం పేరు నోటీసు బోర్డుకు ఎక్కింది. మస్తానయ్యకు తండ్రి లేడు. తల్లి పెంచలమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వాడికి ముంగిట్లో వంగడానికి మరుసటి మధ్యాహ్నం రెండింటికి ముహూర్తం పెట్టారు.

నేను ఆ మర్నాడు పొద్దునే బాధ్యుణ్ని తేల్చే కమిటీ ముందు నిలబడ్డాను. చక్రపాణి ఉన్నాడు, మొరిషిత ఉన్నాడు, ఇంకో ఇద్దరు ఉన్నారు. ఎవరు తప్పు ఒప్పుకున్నా పట్టీ కట్టుకునే ఒప్పుకోవాలి, ఎర్రదీపం వెలిగితేనే ఆ ఒప్పుకోలు చెల్లుతుంది. ఆ నియమం రాసింది కూడా మా విభాగమే. నా మెడకు నేనే కట్టుకున్నాను. ఈసారి చెప్పేశాను. శోకాల సంగతి, రెండు గడుల సంగతి, నలభై ఒక్కరి సంగతి, మా అక్కకు ఏం నేర్పానో ఆ సంగతి. మస్తానయ్యను వదిలి నన్ను పంపించండి అన్నాను. చెబుతుంటే గొంతు వణికింది, అది నేను విన్నాను. ఎర్రదీపం కోసం చూశాను.

పదకొండు.

పట్టీ సరిగ్గా లేదేమోనని విప్పి మళ్లీ కట్టుకున్నాను. వెళ్లిపోయినవాళ్ల మొహాలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. గేటు దాటుతూ నీళ్ల కార్డును చీర చెంగున ముడేసుకున్న ఒక ముసలమ్మను తలుచుకున్నాను, ఆ కార్డు అవతల పనిచేయదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. తొమ్మిది వచ్చింది.

తొమ్మిది రోజులు, రోజుకు రెండు వందల సార్లు, అక్క పక్కన నిలబడి వేలు చూపించి నేను అన్నదేమిటో అప్పుడు తెలిసింది. నేర్పుతున్నాననుకున్నాను గానీ, నేనూ నేర్చుకుంటున్నానని తట్టలేదు.

"పచ్చదీపం. ఒప్పుకోలులో చిత్తశుద్ధి లేదు, కొట్టేస్తున్నాం" అని చక్రపాణి రాసుకున్నాడు. "అక్క మీద ప్రేమతో, ఆమె కొడుకు స్నేహితుణ్ని కాపాడటానికి అలా అన్నారని అర్థం చేసుకోగలం మునిసాన్. మీ మంచితనానికి కృతజ్ఞతలు."

మొరిషిత మాత్రం లేచి నా దగ్గరికి వచ్చాడు. "మునిసాన్. నువ్వు నిజం చెబుతున్నావు. నాకు తెలుసు. కానీ నిజం వేరు. బాధ వేరు. నా యంత్రం బాధ మాత్రమే కొలుస్తుంది" అన్నాడు.

"అయితే ఆ నలభై ఒక్కరిని ఎందుకు పంపించారు?" అని అరిచాను.

ఆయన నడుము విరుగుతుందేమో అన్నంతగా నా ముందు వంగాడు, లేవడానికి చాలాసేపు పట్టింది. నాకు జాలి వేయలేదు. వంగినవాళ్లను చూసి చూసి నాకు విసుగెత్తింది.

రెండింటికి సైరన్ మోగింది. ముంగిట్లో నాలుగు వేల మంది వరుసలు కట్టారు. మస్తానయ్య గుడ్డలు చుట్టిన చేతులు తొడలకు ఆనించుకుని వంగాడు. ఎదురుగా అధికారులంతా వాడికి తిరిగి వంగారు, అదీ పద్ధతే. మా అక్క శుభ్రత విభాగం వరుసలో నిలబడి అందరితోపాటు వంగి, అందరితోపాటు లేచింది. ఆమె మొహంలో ఏమైనా కనిపిస్తుందేమోనని చూశాను. పక్కామెను టైమెంతయిందని అడుగుతోంది.

గేటు అవతల పెంచలమ్మ మూటలతో నిలబడి ఉంది. కొడుకు వంగడం చూడగానే మూటలు వదిలేసింది. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని మొదలుపెట్టింది.

"నేనే నాయనా, నేనే నిన్ను ఈ పనిలో చేర్పించినా! పడవ అమ్మి ఈడికి తోలింది నేనే నాయనా! నా చేత్తో నేనే నీ గొంతు..."

గేటు కాపలావాడు నడుముకున్న పట్టీ తీశాడు. గేటు దగ్గర ఎవరైనా తప్పు తమదేనని అరిస్తే అక్కడికక్కడే కొలిచి నమోదు చేయాలని పోయిన ఏడాది నియమం వచ్చింది. నమోదైతే అవతల ఉన్న కూలీల శిబిరంలో కూడా చోటు ఇవ్వరు. నేను వరుస వదిలి పరిగెత్తాను. నాలుగు వేల మంది చూస్తుండగా గేటు దాటి, ఆ తల్లిని గోడకు అదిమి, అరచెయ్యి ఆమె నోటికి గట్టిగా అడ్డం పెట్టాను.

"ఏడవబాకమ్మా. నా తప్పేం లేదని అను. నీకు దండం పెడతా, నా తప్పేం లేదని అను."

ఆమె గింజుకుని నా అరచెయ్యి నెత్తురొచ్చేలా కొరికింది. నేను చెయ్యి తియ్యలేదు.